పొగ మట్టం

ఆ చలికాలం మా నందికొండలో నన్ను తిట్టని మనిషి లేడు. ఎవరి సెల్‌ఫోన్ పలకకపోయినా తప్పు నాదే. అప్పటికి ఊళ్లో సెల్‌ఫోన్లున్నవాళ్లు పదకొండు మందే కాబట్టి బతికిపోయాను. ఈ రోజుల్లో అయితే ఊరు విడిచి పారిపోవాల్సి వచ్చేది.

తొంభై ఎనిమిదిలో దీపావళి దాటిన వారం టవర్ ఉద్యోగంలో చేరాను. నల్లగొండలో ఐటీఐ ఎలక్ట్రానిక్స్ చదివాను, అదే నా అర్హత. మేముండే డ్యాం కాలనీ వెనక, మా వాకిట్లోంచి కనిపించే చిన్న కొండ, దాని మీద టవర్, టవర్ కింద గది. గదిలో బ్యాటరీలు, జనరేటర్ చూసుకోవాలి, ఫిర్యాదులు పుస్తకంలో రాసి హైదరాబాద్ పంపాలి. రాత్రి కాపలా ఉండే యాదగిరి పొద్దున ఆరింటికి దిగిపోతాడు, ఆరింటికి నేనెక్కాలి. మూడు నెలలు పరీక్షా కాలం, ఆ తర్వాత ఉంచుకుంటారో పంపించేస్తారో వాళ్లిష్టం.

మా అబ్బా పేరు బాబా మియా. డ్యాం మీద ముప్పై ఒక్క ఏళ్లు గేజ్ రీడర్‌గా చేసి రిటైరయ్యాడు. రిజర్వాయర్లో నీళ్లు ఎన్ని అడుగులున్నాయో రోజూ పొద్దున ఆరింటికి చూసి రిజిస్టర్లో రాయడం ఆయన పని. నేను పుట్టిన రోజున కూడా ముందు నీటి మట్టం రాసి, సంతకం పెట్టి, ఆ తర్వాతే దవాఖానకు వచ్చాడని అమ్మీ ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది. రిటైరయ్యాక ఆరింటికి ఏం చెయ్యాలో తెలియక వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఎవరైనా అటు పోతే గడియారం చూసుకునేవాడు.

నాకు ఉద్యోగం వచ్చిందంటే ఆయన సంతోషపడలేదు.

"కొండ మీద ఒక్కదానివే ఏం చేస్తవ్ బేటీ?"

"మిషన్లున్నయి గద అబ్బా."

"మిషన్లు మాట్లాడుతయా?"

"ఆటితోని మాట్లాడిపిచ్చుడే గద నా పని."

ఆయన గడియారం చూసుకున్నాడు. "మూడు నెలలు. ఆళ్లు ఉంచుకుంటే ఉండు. వద్దంటే మిర్యాలగూడ పోయి మీ ఖాలా దగ్గర కుట్టు నేర్చుకో. మల్ల నౌకరి మాట ఎత్తొద్దు."

మా ఖాలా, అంటే పిన్ని, కుట్టిన జాకెట్లకు రెండు చేతులూ ఒకే పొడుగు ఉన్నట్టు నేనెప్పుడూ చూడలేదు. ఆవిడ ఇంట్లో కిటికీ కూడా ఒకటే, అదీ గోడవైపు తెరుచుకుంటుంది. నా బతుకు అక్కడ బొత్తాలు కుడుతూ ముగియకూడదని అల్లాకు గట్టిగానే చెప్పుకున్నాను. ఆ తర్వాత అబ్బా నా ఉద్యోగం గురించి ఒక్క మాట కూడా అడగలేదు. నేనూ చెప్పలేదు. మొండితనంలో నేను ఆయన కూతుర్నే.

మొదటి నెల బాగానే గడిచింది. చలి ముదిరాక మొదలైంది గొడవ.

మొదట వచ్చింది లింగస్వామి. చేపల కాంట్రాక్టర్. పడవలు ఒడ్డుకు రాగానే హైదరాబాద్ మార్కెట్లో షావుకారుకు ఫోన్ చేసి, సరుకు ఎంతుందో చెప్పి, ధర మాట్లాడుకుని, అప్పుడు వ్యాను పంపుతాడు. ఇదంతా పొద్దున ఏడింటిలోపు జరిగిపోవాలి. ఫోన్ తడవకుండా ప్లాస్టిక్ కవర్లో చుట్టి మెడకు వేలాడదీసుకునేవాడు. ఆ రోజు కొండెక్కి వచ్చేసరికి రొప్పుతున్నాడు.

"బిడ్డా, నా ఫోన్ల ఎవరో కూసున్నరు."

"ఎవరు కాకా?"

"గది తెల్వకనే గద నీ తానకొచ్చిన. అవతల షావుకారి ఒక మాట చెప్తే పావు మాట ఇనబడుతాంది. ముప్పావు మాట ఆ కూసున్నోడు మింగుతుండు. గీతలు సూడు, నాలుగూ నిండుగున్నయి."

నిజంగానే సిగ్నల్ గీతలు నాలుగూ నిండుగా ఉన్నాయి. నేను మా టవర్ గదిలోని ఫోన్ నుంచి ప్రయత్నించాను. అవతలి గొంతు నీళ్లలో మునిగి తేలుతున్నట్టు వచ్చి తెగిపోయింది. బ్యాటరీలు చూశాను, వైర్లు చూశాను, అన్నీ బాగానే ఉన్నాయి. తొమ్మిది దాటాక ఏ మందూ వెయ్యకుండానే ఫోన్లు బాగయ్యాయి. మర్నాడు పొద్దున మళ్లీ అదే వరస.

వారం రోజులు ఫిర్యాదులు రాసి పంపితే హైదరాబాద్ నుంచి రామచంద్రం అనే ఇంజనీరు వచ్చాడు. విజయవాడ వైపు మనిషి, మాట మెత్తన, బూట్లు ఇంకా మెత్తన. పొద్దున ఇంట్లో టిఫిన్ తిని బస్సెక్కి, ఒంటిగంటకు దిగి, సాయంత్రం ఐదున్నర బస్సుకు తిరిగి వెళ్లిపోవడం ఆయన పద్ధతి. బయట నీళ్లు పడవు, బయట మంచం మీద నిద్ర పట్టదు. కొండెక్కి తన ఫోన్లో రెండు నిమిషాలు మాట్లాడి నావైపు చూశాడు.

"ఏమ్మా, సిగ్నల్ ఫుల్లుగా ఉందిగా. మాట కూడా క్లియర్‌గా ఉంది."

"పొద్దున ఆరింటికాడి నుంచి తొమ్మిది దాకనే సార్ బాధ."

"ఇప్పుడు ఒంటిగంటన్నర."

"గందుకే సార్ ఇప్పుడు మంచిగున్నది."

ఆయన నన్ను జాలిగా చూసి పుస్తకంలో 'లోపం లేదు' అని రాశాడు. పది రోజులకు మళ్లీ వచ్చాడు, మళ్లీ మధ్యాహ్నమే. ఈసారి 'లోపం లేదు' కింద 'సిబ్బందికి అనుభవం లేదు' అని కూడా చేర్చాడు. ఆ పుస్తకం రోజూ నా కళ్ల ముందే ఉండేది. ఆ మాట చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది.

అదే రోజుల్లో కాలనీలో ఇంకో గొడవ. మా ఇంటికి ఎదురుగా, రోడ్డుకు అవతల అండాలు అనే ఆవిడ హోటల్. పొద్దున ఐదున్నరకే ఊక పొయ్యి రాజేస్తుంది. ఆ పొయ్యి వెనక కరెంటు స్తంభం మీద ఎవరో తెల్ల రంగుతో అడుగడుగుకూ గీతలు గీసి అంకెలు వేశారు. రోడ్డు వెడల్పు చేస్తారని, తన హోటల్ పడగొడతారని అండాలుకు భయం పట్టుకుంది. ఎవరు గీశారో చెప్పమని రోడ్డుకు అడ్డం నిలబడి వారం రోజులు తిట్టింది. ఎవరూ ఒప్పుకోలేదు. అబ్బా వాకిట్లో కూర్చుని ఆ తిట్లన్నీ శ్రద్ధగా విన్నాడు.

రంజాన్ మొదలైంది, ఇంట్లో రోజా ఉపవాసాలూ మొదలయ్యాయి. అమ్మీ నా మొహం చూసి సంగతి పసిగట్టింది. ఆమె పేరు లాడ్లీ బేగం. లోకంలో ఏ రోగానికైనా ఆమె దగ్గర ఒక తాయెత్తు ఉంటుంది.

"నీ టవర్‌కు దిష్టి తగిలిందే. ఊరందరి కండ్లు దాని మీదనే ఉన్నయి. ఇగ తగలక ఏమైతది?"

"అమ్మీ, అది ఇనుము."

"ఇనుముకు తుప్పు పట్టదా? దిష్టి గూడ పడతది."

దర్గా నుంచి తాయెత్తు తెచ్చి నల్లదారంతో నా చేతిలో పెట్టింది. చదువుకున్నదాన్ని, నవ్వి ఊరుకోవాల్సింది. కానీ అప్పటికి నా పరిస్థితి ఎలా ఉందంటే, ఎవరైనా టవర్‌కు గోరింటాకు పెట్టమన్నా పెట్టేదాన్ని. మిషన్ బీరువా గొళ్లేనికి దాన్ని కట్టాను.

మర్నాడు పొద్దున ఫోన్లు బ్రహ్మాండంగా పలికాయి. ఆ మర్నాడూ పలికాయి. మూడో రోజు లింగస్వామి కొండెక్కి వచ్చి నాకు రెండు కిలోల బొచ్చె చేప ఇచ్చి, "కూసున్నోడు లేసిపోయిండు బిడ్డా" అని దండం పెట్టి వెళ్లాడు. ఆ సంబరంలో నేను చేసిన తెలివితక్కువ పని ఇప్పటికీ తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి. హైదరాబాద్‌కు ఉత్తరం రాశాను: 'స్థానికంగా తీసుకున్న చర్యల వల్ల లోపం పూర్తిగా సరిచేయబడినది.' కింద పెద్ద సంతకం కూడా పెట్టాను.

ఆ మూడు రోజులూ మబ్బు పట్టి, తూర్పు నుంచి ఈదురుగాలి విసిరిందన్న సంగతి నాకు తట్టనే లేదు. నాలుగో రోజు మబ్బు విడిపోయింది, గాలి ఆగిపోయింది, ఆకు కదలలేదు. లింగస్వామి ఫోన్లో కూర్చున్నవాడు తిరిగొచ్చి హాయిగా కాళ్లు చాపుకున్నాడు. ఉత్తరం మాత్రం అప్పటికే హైదరాబాద్ చేరిపోయింది.

జనవరి మొదటి వారంలో రామచంద్రం మూడోసారి వచ్చాడు. ఈసారి ఆయన చేతిలో నా ఉత్తరం, ఆ తర్వాత లింగస్వామి పంపిన నాలుగు ఫిర్యాదులూ ఉన్నాయి.

"ఏం చర్యలు తీసుకున్నారో చూద్దామని వచ్చానమ్మా."

ఆయన గదిలో అటూ ఇటూ చూసి, బీరువా తలుపు తియ్యబోయి ఆగిపోయాడు. నల్లదారం రెండు వేళ్లతో పట్టుకుని చూశాడు.

"ఇదేనా?"

"మా అమ్మ ఇచ్చింది సార్."

"రిపోర్టులో ఏమని రాయమంటావు నన్ను?"

నాకు ఏడుపొచ్చింది. దాన్ని మింగి అడిగేశాను. "సార్, మీరు మూడుసార్లొచ్చిన్రు, మూడుసార్లు మధ్యాహ్నమే వచ్చిన్రు. ఒక్కసారి పొద్దుగాల ఆరింటికి సూడుండ్రి. గప్పుడు గూడ లోపం లేకుంటే నేనే రాసిస్తా, నాకు ఈ నౌకరి చాతకాదని."

"ఐదున్నరకి నా బస్సమ్మా" అన్నాడు. మెత్తగానే అన్నాడు. అంటే అయిపోయినట్టే. నా కళ్ల ముందు ఖాలా ఇంటి కిటికీ కనిపించింది.

ఇద్దరం ఐదుంబావుకు కొండ దిగాం. బస్టాండుకు పోవాలంటే మా ఇంటి ముందు నుంచే దారి. గుమ్మంలో అమ్మీ నిలబడి ఉంది. నా మొహం ఒక్కసారి చూసింది. ఏం జరిగిందో ఎవరూ చెప్పలేదు.

"సారూ, రోజా ఇడిచే యాళ్లకు గడప దాక వచ్చిండ్రు. గిట్లనే పోతే మా రోజా అల్లా దగ్గర ఏం ముఖం పెట్టుకుంటది? ఒక్క ఖర్జూరం నోట్లేసుకొని పోండ్రి."

"బస్సుందమ్మా."

"బస్టాండ్ గిక్కడనే సారూ."

పావుగంట ఉంది కదా అనుకున్నట్టున్నాడు, బూట్లు విప్పి లోపలికొచ్చాడు. నేల మీద దస్తరఖాన్ గుడ్డ పరిచి ఉంది. అమ్మీ ఆయన ముందు పెద్ద పళ్లెం పెట్టింది. ఖర్జూరాలు, అరటి ముక్కలు, శనగ గుగ్గిళ్లు, వేడి మిర్చి బజ్జీలు, రూహ్ అఫ్జా గ్లాసు. అబ్బా ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. నేనూ అమ్మీ ఒక పక్కన కూర్చున్నాం. అందరం చేతులు ఒళ్లో పెట్టుకున్నాం. ఎవరూ ఏమీ ముట్టుకోలేదు.

రామచంద్రం ఖర్జూరం మీద చెయ్యి పెట్టబోయి, మమ్మల్ని చూసి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఎప్పుడు తింటారండీ?"

"అజాన్ కాంగనే" అన్నాడు అబ్బా.

"ఎప్పుడవుతుంది?"

అబ్బా గడియారం చూశాడు. అడుగులు, అంగుళాలు చెప్పినట్టు చెప్పాడు. "ఐదు యాభై రెండు."

ముందు పెట్టిన పళ్లెం వదిలి లేవడం మర్యాద కాదు. పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టని ముగ్గురి ముందు ఒక్కడే తినడం అంతకంటే మర్యాద కాదు. విజయవాడ మనిషి కదా, మర్యాద ఒంటినిండా ఉంది. పాపం అలాగే కూర్చున్నాడు. బజ్జీల వాసన ముక్కుకు తగులుతుంటే గుటకలు మింగాడు. ఐదున్నరకు బస్టాండు నుంచి బస్సు రెండుసార్లు హారన్ కొట్టింది. ఆయన భుజాలు కొంచెం లేచాయి. మూడోసారి కొట్టి బస్సు వెళ్లిపోయింది. భుజాలు దిగిపోయాయి.

"అయ్యో, పోయిందా సారూ" అంది అమ్మీ. అంత దుఃఖం ఆమె మొహంలో మా నానమ్మ పోయినప్పుడు కూడా నేను చూడలేదు.

ఆ రాత్రి ఆయన మా ముందు గదిలో పడుకున్నాడు. తెల్లవారుజామున నాలుగుంబావుకు సహరీ భోజనానికి గిన్నెల చప్పుడు మొదలయ్యేసరికి కళ్లు నలుపుకుంటూ లేచి కూర్చున్నాడు. ఆయన వద్దన్నా వినకుండా అమ్మీ ఆయనకూ అన్నం, ఖీమా వడ్డించింది. మాంసం తినను అన్నాడు. పెరుగు వేసింది. ఐదున్నరకు చాయ్ తాగి, "ఇంక నిద్ర ఎలాగూ పట్టదు, పదమ్మా" అన్నాడు.

మేం గుమ్మం దాటుతుంటే అబ్బా కూడా చెప్పులేసుకున్నాడు. చంకలో ఒక పాత రిజిస్టరు ఉంది. ఆయన ఆ కొండ ఎక్కడం అదే మొదటిసారి. మధ్యలో రెండుసార్లు ఆగాడు, ఊపిరికి కాదని చూపించుకోవడానికి రెండుసార్లూ చెప్పు సరిచేసుకున్నాడు.

పైకి చేరేసరికి తెల్లారుతోంది. చలి ఎముకల్లోకి దిగుతోంది. నీళ్ల మీద ఒక్క అల లేదు. కింద కాలనీలో పొయ్యిల పొగంతా కొంచెం పైకి లేచి, అక్కడి నుంచి ఇక లేవలేక, ఇళ్ల మీద దుప్పటిలా పరుచుకుని ఉంది.

రామచంద్రం హైదరాబాద్‌కు ఫోన్ కలిపాడు. "హలో" అన్నాడు. ఇంకోసారి "హలో" అన్నాడు. ఫోన్ చెవి దగ్గర నుంచి తీసి గీతలు చూశాడు. నాలుగూ నిండుగా ఉన్నాయి. లైను కట్టయిపోయింది. సంచిలోంచి పరీక్ష చేసే ఫోన్ తీసి, ఏవో మీటలు నొక్కి, చాలాసేపు నీళ్ల వైపు తిప్పి పట్టుకున్నాడు.

"ఇది మన టవర్ కాదు" అన్నాడు నెమ్మదిగా. "నీళ్లకి అవతల, నూరు కిలోమీటర్లు దాటి ఉంటుంది. దాని సిగ్నల్ ఇక్కడికి రాకూడదు."

ఆ తర్వాత నాకు అర్థమయ్యేలా చెప్పాడు. రేడియో చానెళ్లు కొన్నే ఉంటాయి. అందుకని ఒకే చానెల్‌ను దూరదూరంగా ఉన్న రెండు టవర్లకు ఇస్తారు. ఒకే పేరున్న ఇద్దరు వేరువేరు ఊళ్లలో ఉంటే పిలుపు ఎవరికీ అడ్డం రాదు కదా, అలాగ. కానీ చలికాలం గాలి ఆగిన పొద్దుల్లో నీళ్ల మీద చల్లగాలి, దాని మీద వెచ్చని గాలి పరుచుకుంటుంది. మామూలుగా పైకి పోవాల్సిన సిగ్నల్ ఆ రెంటి మధ్య చిక్కుకుని, నీళ్ల మీదుగా జారుతూ వచ్చి మన మీద పడుతుంది. రెండు మాటలు కలిసి ఏదీ వినిపించదు. ఎండెక్కి గాలి వీస్తే ఆ పొరలు చెదిరిపోతాయి.

"చదువుకున్నాను గానీ కళ్లారా చూడలేదు" అన్నాడు. "కానీ ఒక్క రోజు చూసి చానెల్ మార్చమంటే పైవాళ్లు ఒప్పుకోరు. నెలరోజుల లెక్క ఉంటే..."

అబ్బా గొంతు సవరించుకున్నాడు. "సారూ, రెండున్నర నెలలది ఉన్నది. పనికొస్తదా?"

రిజిస్టరు తెరిచి బ్యాటరీ పెట్టె మీద పెట్టాడు. డ్యాం మీద రాసినట్టే, స్కేలుతో గీసిన గడులు. తేదీ. గాలి ఉందా లేదా. నీళ్ల మీద అల ఉందా లేదా. అండాలు హోటల్ పొగ మట్టం, అడుగుల్లో. ఆఖరి గడిలో లింగస్వామి తిట్టాడా లేదా.

"పొగ మట్టమా?" అన్నాడు రామచంద్రం.

"పొయ్యెనక స్తంభమున్నది సారూ. దాని మీద గీతలు గీసిన. పది అడుగుల లోపల పొగ పండుకున్ననాడు ఫోన్లు పలకవు. స్తంభం దాటి పోయిననాడు, గాలికి చెదిరిననాడు పలుకుతయి. తాయెత్తు కట్టిన మూడు దినాలు గాలే."

అండాలు వారం రోజులు తిట్టిన తిట్లన్నీ ఎవరికి చెందుతాయో నాకప్పుడు తెలిసింది.

రామచంద్రం సంచిలోంచి మా ఫిర్యాదుల ఫైలు తీసి తేదీలు ఒక్కొక్కటే పోల్చాడు. ఒక్కటీ తప్పలేదు. పేజీలు తిరగేస్తూ, తేదీకి ఎడమపక్కనున్న సన్నని గడి దగ్గర వేలు పెట్టాడు.

"ఇదేమిటండీ? రోజూ ఆరు, ఐదు యాభై ఎనిమిది, ఆరు రెండు..."

"గది వేరే లెక్క సారూ" అన్నాడు అబ్బా. అని, బయటకెళ్లి నీళ్ల వైపు తిరిగి నిలబడ్డాడు.

రిజిస్టరు నకలు రాయమని రామచంద్రం నా చేతికిచ్చాడు. మొదటి పేజీ తెరిచాను. దాని మీద తేదీ నేను ఉద్యోగంలో చేరిన రోజుది. ఫోన్ల గొడవ మొదలవడానికి నెల ముందుది. అప్పటికి పొగ లేదు, అల లేదు, లింగస్వామి లేడు. పేజీ అంతా ఒక్కటే గడి, రోజుకొక్క వరస. 'బేటీ కొండ పైకి చేరిన సమయం: 6-00. టవర్ గది దీపం వెలిగినది.' కింద సంతకం.

చలికి ముక్కు కారుతోందని చెప్పి కొంగుతో తుడుచుకున్నాను.

సంక్రాంతి సెలవులు కాగానే హైదరాబాద్ నుంచి నలుగురొచ్చారు. నీళ్ల వైపున్న యాంటెన్నాను కొంచెం కిందికి వంచారు, మా టవర్‌కు వేరే చానెల్ ఇచ్చారు. మర్నాడు పొద్దున గాలి లేదు, పొగ మట్టం ఆరు అడుగులు. నేను గుండె చిక్కబట్టుకుని కూర్చున్నాను. ఏడింటికి లింగస్వామి కొండెక్కి వచ్చాడు.

"ఏమైంది కాకా? మల్ల ఇనబడుతలేదా?"

"సాఫ్ ఇనబడుతాంది బిడ్డా. గదే బాధ. ఇన్నొద్దులు షావుకారి ధర తక్కువ చెప్తే ఇనబడుతలేదని నా ధరే రాసుకున్న. ఇయ్యాల అన్ని మాటలు ఇనబడ్డయి. తిట్లు గూడ ఇనబడ్డయి." మెడలో ఫోన్ కవర్ సర్దుకుని, "జర పాత తీరు చెయ్యరాదూ, పొద్దుగాల ఒక్క అర్ధగంట" అన్నాడు.

ఈద్‌కు ముందు రోజు రెండు కవర్లు వచ్చాయి. ఒకటి నాకు, ఉద్యోగం ఖాయమైందని. అబ్బా దాన్ని రెండుసార్లు చదివి, మడతపెట్టి, "మిర్యాలగూడకు ఉత్తరం రాయి, నువ్వు వస్తలేవని" అన్నాడు. రెండోది అబ్బాకే. రామచంద్రం కొత్త రిజిస్టరు అచ్చు వేయించి పంపాడు. తేదీ, గాలి, అల, పొగ మట్టం, ఫోన్ స్థితి, అన్నిటికీ అచ్చు గడులు. రోజూ రాసి నెలనెలా పంపమని కోరాడు. అబ్బా పేజీలన్నీ తిప్పి చూసి, ఏదో తక్కువైనట్టు మొహం పెట్టాడు. స్కేలు, పెన్సిలు తెచ్చుకుని అచ్చు గడులకు ఎడమపక్క, మార్జిన్లో, ప్రతి పేజీకీ ఒక సన్నని గడి గీసుకున్నాడు.

ఈద్ రోజు టవర్‌కు సెలవు లేదు. నమాజు, షీర్ ఖుర్మా, కొత్త బట్టల హడావిడి. నేను అద్దం ముందు ఎక్కువసేపు నిలబడ్డమాట నిజమే. సాయంత్రం ఇంటికొచ్చి రిజిస్టరు తెరిచి చూశాను. మొదటి పేజీ, మొదటి వరస, మార్జిన్ గడి.

'6-40. ఆలస్యము.'

దాని పక్కన, జాగా చాలక, చిన్న అక్షరాల్లో ఇంకో రెండు మాటలున్నాయి. 'పండుగ. మాఫీ.'